కొన్న ఓమ్ప్‌ఏ ప్రోటీన్ వేస్తే టీఎన్‌ఎఫ్ విపరీతంగా వస్తోంది, నమ్మొచ్చా?

పిపెట్_పిల్ల (బెంగళూరు):
నమస్తే అందరికీ. జీకేవీకే వైపు ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. ఎసినెటోబ్యాక్టర్ బౌమనీ అనే బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే ఓమ్ప్‌ఏ ప్రోటీన్ మీద పని. క్లోనింగ్ పెట్టుకుంటే ఆలస్యమని సార్ రీకాంబినెంట్ ప్రోటీన్ కొనిపించారు. ఇ.కోలైలో తయారైంది, ముందువైపు హిస్-సుమో ట్యాగ్ (తయారీ, శుద్ధి సులువు కావడానికి తగిలించే ముక్క), పొడిగా వచ్చింది. రెండు డౌట్లు. ఒకటి, 38 కిలోడాల్టన్ల దగ్గర రావాల్సిన బ్యాండ్ జెల్‌లో 55 దాటి కూర్చుంది. రెండోది, రా 264.7 కణాల (ఎలుక మ్యాక్రోఫేజ్‌లు, అంటే రోగనిరోధక కణాలు) మీద వేస్తే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా (అవి వదిలే మంట సంకేతం) కొలిచే ఎలైజా ప్లేటు మొత్తం పసుపే, ఎంత పలుచన చేసినా తగ్గట్లేదు. సార్ ఫుల్ ఖుషీ, ఫిగర్ వేసెయ్ అంటున్నారు. నాకే టెన్షన్. డేటాషీట్‌లో ప్యూరిటీ 90 శాతం అని ఉంది, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పొరలోని ఎల్‌పీఎస్ అనే విషపదార్థం) గురించి ఒక్క ముక్క లేదు.

జెల్_మాస్టారు:
బ్యాండ్ గురించి బెంగపడకు. సుమో అసలు బరువు 11-12 కిలోడాల్టన్లే, జెల్‌లో మాత్రం 20 దగ్గర ఉన్నట్టు నడుస్తుంది. నీ 38కి అది కలుపుకో, లెక్క సరిపోతుంది. నేనైతే ఇంకోటి చూస్తా. ఒక లేన్‌లో బాయిల్ చేసిన శాంపిల్, పక్క లేన్‌లో బాయిల్ చేయనిది వెయ్యి. ఓమ్ప్‌ఏ సరిగ్గా ముడుచుకుని ఉంటే బాయిల్ చేయనిది కిందికి దిగుతుంది (ఇ.కోలై ఓమ్ప్‌ఏ అయితే 35 కాస్తా 30 దగ్గర కనిపిస్తుంది). రెండూ ఒకే ఎత్తులో ఉంటే నీ దగ్గరున్నది ముడుచుకోని ప్రోటీన్. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు, మనమే చూసుకోవాలి.

చెన్నై_అక్క:
అసలు గొడవ రెండో డౌట్‌లోనే ఉందమ్మా. 90 శాతం ప్యూరిటీ అంటే కూమాసీ రంగుకి కనిపించే ప్రోటీన్ల లెక్క, ఎల్‌పీఎస్ ఆ రంగుకి చిక్కదు. ఇ.కోలైలో చేసిన దేంట్లోనైనా అది ఉంటుంది, ఓమ్ప్‌ఏకి అయితే మామూలుగానే అంటుకుని తిరుగుతుంది. మ్యాక్రోఫేజ్‌లకి నానోగ్రాముల్లో తగిలినా చాలు, దాన్ని పసిగట్టే టీఎల్‌ఆర్4 గ్రాహకం మోగిపోతుంది. ముందు ఎండోటాక్సిన్ కొలిచే ఎల్‌ఏఎల్ టెస్ట్ చేయించు, 1 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్) అంటే సుమారు 0.1 నానోగ్రాము. తర్వాత ప్రోటీన్‌ని ప్రోటీనేజ్ కె తో నమిలించి, ఆ ఎంజైమ్‌ని వేడితో చంపి, అప్పుడు కణాల మీద వెయ్యి. టీఎన్‌ఎఫ్ అంతే వస్తే అది నీ ప్రోటీన్ పని కాదు. ఎల్‌పీఎస్‌ని పట్టి ఆపే పాలిమిక్సిన్ బి కంట్రోల్ కూడా పెట్టు, పక్కనే ఉత్త ఎల్‌పీఎస్‌కి అదే పాలిమిక్సిన్ వేసిన వెల్ (ప్లేటులో గుంట) ఉండాలి, లేకపోతే అది పనిచేసిందో లేదో తెలియదు. ఇంకో మాట, ఆటోక్లేవ్ చేశాం కదా అనుకోకు, ఎండోటాక్సిన్ దానికి చావదు. గాజు సామాన్లు 250 డిగ్రీల్లో అరగంట కాల్చాల్సిందే.

కొత్తబిచ్చగాడు:
ట్రైటన్ ఎక్స్-114 డిటర్జెంట్‌తో కడిగేస్తే పోదా? లేదా క్లియర్‌కోలై అనే మార్చిన ఇ.కోలైలో మళ్లీ చేయించండి, దాంట్లో మామూలు ఎల్‌పీఎస్ ఉండదు కదా.

చెన్నై_అక్క:
నీళ్లలో కరిగే ప్రోటీన్ అయితే ట్రైటన్ బంగారం. ఇది పొర ప్రోటీన్ బాబూ, ముడుచుకుని ఉంటే ఎల్‌పీఎస్‌తో పాటు ఇదీ డిటర్జెంట్ భాగంలోకే జారుకుంటుంది, పైన తేటనీళ్లలో ఏమీ మిగలదు. యూరియాలో విప్పి నికెల్ కాలమ్ మీద ఉండగానే ట్రైటన్‌తో కడగడం మేలు, కాకపోతే మళ్లీ ముడిచే పని మీద పడుతుంది. క్లియర్‌కోలైలో మిగిలేది లిపిడ్ ఐవీఏ అనే ఎల్‌పీఎస్ తొలి రూపం. మనిషి టీఎల్‌ఆర్4 దానికి లేవదు, ఎలుకది లేస్తుంది. రా 264.7 ఎలుక కణాలు, కాబట్టి ఆ ఖర్చు దండగ.

పిపెట్_పిల్ల:
థాంక్స్ అక్కా. ప్రోటీనేజ్ కె చేశా, టీఎన్‌ఎఫ్ ఇంచుమించు అలాగే వచ్చింది. పాలిమిక్సిన్‌తో బాగా పడిపోయింది. బాయిల్ చేసిన లేన్, చేయని లేన్ రెండూ ఒకే ఎత్తు. సార్‌కి ఎలా చెప్పాలా అని చూస్తున్నా. మిగిలిన ప్రోటీన్ పారేయాలా?

జెల్_మాస్టారు:
పారేయడమెందుకు, యాంటీబాడీ ఎలైజా ప్లేటు కోటింగ్‌కి వాడుకో, అక్కడ ఎల్‌పీఎస్ అంత అడ్డం రాదు. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, గ్లిసరాల్ కలిపి మైనస్ 80లో పెట్టు, మాటిమాటికీ కరిగించకు. సార్‌కి నోటితో చెప్పకు, ప్రోటీనేజ్ కె బార్, పాలిమిక్సిన్ బార్ పక్కపక్కన పెట్టి ప్రింట్ ఇవ్వు. ఇంకోసారి ఆర్డర్ పెట్టేముందు ఆ లాట్ ఎండోటాక్సిన్ రిపోర్ట్ అడగండి, ఇవ్వకపోతే వేరేచోట చూసుకోండి.