పొదుపు సంఘాల మీద వ్యాసం రాయాలి: పుస్తకాల్లో ముందు ఏం చూడాలి?

కొత్త కాగితం

ఒక మాసపత్రిక ప్రత్యేక సంచికకు రెండు వేల పదాల వ్యాసం ఒప్పుకున్నాను. వాళ్లిచ్చిన అంశం "కష్టకాలంలో కుటుంబం నిలదొక్కుకోవడంలో సంస్థల పాత్ర". అంత పెద్ద మాట మోయలేక డ్వాక్రా సంఘాలకు, అంటే ఊళ్లలోని ఆడవాళ్ల పొదుపు సంఘాలకు, కుదించుకున్నాను. వీటి గురించి తెలుగులో దొరికే రాతలు చాలావరకు రెండే అచ్చులు. ఒకటి విజయగాథ: గేదె కొన్నారు, కిరాణా కొట్టు పెట్టారు, పిల్లాణ్ణి ఇంజినీరింగ్ చదివించారు. రెండోది అప్పుల ఊబి. సంఘం లోపల డబ్బు ఎలా తిరుగుతుందో మాత్రం దేంట్లోనూ కనబడదు.

ఒక గ్రామ సమాఖ్యవాళ్లు (ఊళ్లోని సంఘాలన్నీ కలిసి కట్టుకున్న సంస్థ) పుస్తకాలు చూపిస్తామన్నారు. లెక్కల్లో నా జ్ఞానం అంతంతమాత్రం. అందుకే అడుగుతున్నాను. ఏ పుస్తకం ముందు తెరవాలి? నూటికి నూరు శాతం రికవరీ ఉంటే ఆ సంఘం బాగున్నట్టేనా? 2010 నాటి మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే ప్రైవేటు సంస్థల) గొడవను ఇందులోకి తేవాలా, అది వేరే కథా?

లెడ్జరు మనిషి

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. రికవరీ శాతం చూస్తే బ్యాంకు పరిస్థితి తెలుస్తుందండీ, ఇంటి పరిస్థితి తెలియదు. వాయిదా ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టారన్నది ఆ అంకెలో ఉండదు.

అందరూ ముందు లెడ్జరు అడుగుతారు. మీరు తీర్మానాల పుస్తకం అడగండి. సమావేశం తేదీ, వచ్చినవాళ్ల సంతకాలు, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారు, దేనికి ఇచ్చారు అన్నీ అందులో ఉంటాయి. వరుసగా రెండేళ్ల పేజీలు తిప్పండి. పన్నెండు నెలల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటే ఆ సమావేశాలు జరగనట్టే. ఆడిట్ వస్తోందంటే ఒక్క సాయంత్రం కూర్చుని నింపిన పుస్తకం అది. వేలిముద్రలు, వంకర సంతకాలు, మధ్యలో "కోరం లేక వాయిదా" అన్న మాట కనబడితే సంతోషించండి, అది నిజం పుస్తకం.

సంఘాలకు పంచసూత్రాలని ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు (సొంత పొదుపులోంచి సభ్యులకిచ్చేవి), సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మీ వ్యాసానికి ప్రాణం మూడోదే. పదిమంది, నెలకు తలా వంద అనుకుంటే ఏడాదికి పోగయ్యేది 12,000. చిన్న మొత్తమే. అయితే ఇంట్లో ఒకరికి జ్వరమొచ్చి 3,000 కావలసి వస్తే దరఖాస్తు లేకుండా, బ్యాంకు మెట్లెక్కకుండా ఆ సాయంత్రమే తీసుకోవచ్చు. నూటికి రూపాయి వడ్డీ పెట్టుకున్నా, అంటే ఏడాదికి 12 శాతమైనా, ఆ వడ్డీ మళ్లీ సంఘం నిధిలోకే చేరుతుంది. బ్యాంకు లింకేజీ అప్పు, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, అలా కాదు. కాగితాలు, మంజూరు, బ్యాంకు లక్ష్యాలు అన్నీ కలిసొచ్చినప్పుడు వస్తుంది, ఆస్పత్రి రోజున రాదు.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఇది. రెండేళ్లలో సొంత పొదుపు నుంచి ఇచ్చిన ప్రతి చిన్న అప్పునూ తేదీ, మొత్తం, కారణం, తిరిగి కట్టిన తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి. జూన్‌లో బడి ఫీజులకు, తొలకరికి విత్తనాలకు, మధ్యమధ్యలో కాన్పుకో చావుకో ఇచ్చినవి కనబడితే ఆ సంఘం పనిచేస్తున్నట్టు. అలాకాక బ్యాంకు అప్పు పడినరోజు పంచుకుని, తర్వాత రెండేళ్లూ ఒక్క చిన్న అప్పూ లేకపోతే, అక్కడ మిగిలింది బ్యాంకు తరఫున వాయిదాలు పోగుచేసే గుంపు మాత్రమే. ఒక జాగ్రత్త: కారణం గడిలో "వ్యవసాయం", "పాడి" అని అలవాటుగా రాసేస్తారు. ఆ గడిని నమ్మకండి. తేదీని నమ్మండి.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి కదా. 5 లక్షల అప్పు వస్తే తలా 50,000 సమానంగా పంచేస్తారు. పదిమందికీ ఒకే రోజున ఒకే అవసరం ఎందుకుంటుంది? అక్కర లేనామె వాటాను అక్కర ఉన్నామె తీసుకుంటుంది. దీన్నే బినామీ అప్పంటారు. లెడ్జరులో పదిమంది పేర్లుంటాయి, నిజానికి డబ్బు ముగ్గురి చేతిలో ఉంటుంది. ఆ ముగ్గురిలో ఒకరు కట్టలేకపోతే, డబ్బు ముట్టనివాళ్లు కూడా వాయిదా భరించాలి. పట్టుకోవాలంటే సభ్యుల పాస్‌పుస్తకాలు తెరిచి, "మీ వాయిదా ఎవరి చేత్తో వెళ్తుంది?" అని విడివిడిగా అడగాలి. లీడరు పక్కన కూర్చుని ఉండగా మాత్రం కాదు.

ఇంకోటి. సంఘం బ్యాంకు పాస్‌బుక్కులో పెద్ద మొత్తం ఒక్కసారిగా జమై పాత అప్పు మూతపడి, కొద్ది రోజులకే కొత్త అప్పు పడి, వెంటనే పెద్ద విత్‌డ్రా ఉందనుకోండి. బయటి ఫైనాన్సరు దగ్గర వారం రోజులకు తెచ్చి పాతది మూశారేమోనని అనుమానించాల్సిందే. ఆ వారం వడ్డీ ఏ పుస్తకంలోనూ ఉండదు. నూటికి నూరు రికవరీ మాత్రం నివేదికలో ఉంటుంది.

రూపాయి వడ్డీ

పై జవాబుకు కొనసాగింపుగా 2010 సంగతి. తేవాల్సిందే. ఎందుకంటే అప్పు ఇచ్చిన సంస్థలు వేరైనా అప్పు తీసుకున్నది చాలాచోట్ల అదే ఇల్లు, అదే ఆడమనిషి.

ముందు ఫ్లాట్ వడ్డీ (అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే లెక్కగట్టేది) అర్థం చేసుకోండి. 10,000 ఇచ్చి వారానికి 225 చొప్పున 50 వారాలు వసూలు చేస్తే మొత్తం 11,250. "పన్నెండున్నర శాతమే" అని చెప్పుకోవచ్చు. అయితే అసలు వారంవారం తగ్గిపోతుంది, ఏడాది మీద సగటున ఆమె దగ్గరున్నది 5,000 చిల్లరే. దాని మీద 1,250 కట్టిందంటే నిజమైన వడ్డీ 25 శాతం దరిదాపు. మన వాడుక లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ. ఊళ్లో వడ్డీ వ్యాపారి అంతకన్నా ఎక్కువ తీసుకుంటాడు కదా అన్న వాదన ఉంది, నిజమే. కానీ వ్యాపారి ఈ వారం కాకపోతే వచ్చేవారం అంటే కొంతవరకు ఆగుతాడు. వారం వాయిదాకు, పైగా పక్కింటివాళ్ల పూచీకి, ఆ సడలింపు లేదు. ఒకరు ఆగితే గుంపంతా ఆమె గుమ్మం ముందు కూర్చుంటుంది.

2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. సంస్థలు జిల్లాలో నమోదు కావాలి, వసూళ్లు నెలవారీగా పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలి, వడ్డీ అసలుకు మించకూడదు అన్నవి ముఖ్యమైన నిబంధనలు. వసూళ్లు కుప్పకూలాయి. ఈ రంగాన్ని పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీ వేసింది. చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి, మీరు ఆగకండి. 2022లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చి మైక్రోఫైనాన్స్ అప్పుల మీది వడ్డీ పరిమితి ఎత్తేసింది. ఇంటి ఆదాయంలో సగానికి మించి వాయిదాలకు పోకూడదన్న హద్దు పెట్టింది. రిజర్వు బ్యాంకు పరిధిలోని ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని రుణ సంస్థలకు) ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కాబట్టి ఇది ముగిసిన కథ కాదు. మీరు కలిసే ప్రతి ఇంట్లో సంఘం అప్పుతోపాటు వారం, పదిహేను రోజుల వాయిదాలేమైనా ఉన్నాయా అని అడగండి.

పనిలోపని: సంఘాల రుణ పథకాల్లో వినబడే పావలా వడ్డీ అంటే నెలకు నూటికి పావలా, ఏడాదికి 3 శాతం. దీన్ని పావు శాతం అని రాసినవాళ్లున్నారు. వడ్డీ లేని రుణమంటే కూడా ముందు వడ్డీ కట్టి, గడువు తప్పకపోతే తర్వాత ప్రభుత్వం నుంచి వెనక్కి రావడమే చాలాకాలం జరిగిన పద్ధతి. ఆ డబ్బు ఆలస్యమైతే మధ్యలో మోసేది సభ్యురాలే.

పెన్న ఒడ్డు

చరిత్ర ఎక్కువ పెట్టకండి, ఒక పేరా చాలు. సారా వ్యతిరేక పోరాటానికి పేరుపడ్డ దూబగుంట ఊరితో మొదలుపెట్టాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. మొదలుపెట్టినా ఎందుకో చెప్పాలి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టింది, ఆ కూర్చోవడంలోంచి సారా వ్యతిరేక పోరాటం వచ్చింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. రోజుకు రూపాయి పొదుపు ప్రచారం అదే నేల మీద పాకింది. అంటే కలిసి కూర్చునే అలవాటు డబ్బు కంటే ముందు వచ్చింది. లెడ్జరు మనిషి గారు తీర్మానాల పుస్తకం ముందు అన్నది అందుకే సరిగ్గా అతుకుతుంది.

మిగతా మైలురాళ్లు: డ్వాక్రా పథకం 1982, నాబార్డ్ (గ్రామీణాభివృద్ధి బ్యాంకు) 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం 1992, సెర్ప్ (సంఘాల పని చూసే ప్రభుత్వ సంస్థ) 2000, స్త్రీనిధి (సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) 2011. సంఘంలో ఇరవైమందికి మించకపోవడం వెనక కూడా చట్టముంది: అప్పటి 1956 కంపెనీల చట్టం ప్రకారం ఇరవై దాటితే నమోదు తప్పనిసరిగా ఉండేది. ఈ ముక్క చాలా రాతల్లో కనబడదు.

కొత్త కాగితం

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. సభ్యులతో మాట్లాడేటప్పుడు "సంఘం వల్ల చాలా లాభపడ్డామండీ" అన్న మీటింగు జవాబులే వస్తే? ఇంకా, సంఘం ఉన్నా నిలబడలేని కష్టం ఏదైనా ఉంటుందా?

వీవో మెట్టు

లాభమా నష్టమా అని అడిగితే మీటింగు జవాబే వస్తుంది. ఇలా అడగండి: "పోయిన ఏడాది ఉన్నట్టుండి డబ్బు కావాల్సివచ్చింది ఎప్పుడమ్మా? ముందు ఎవరిని అడిగారు? వాళ్లు లేదంటే తర్వాత ఎవరిని?" ఆమె చెప్పే వరుసను అలాగే రాసుకోండి: పుట్టిల్లు, బంగారం, సంఘం, ఫైనాన్సు, దుకాణంలో అరువు. ఆ వరుసలో సంఘం ఎన్నోదన్నదే మీ వ్యాసంలో అసలు సమాచారం. పదిళ్లు అడిగితే సరళి తెలిసిపోతుంది.

సంఘం వదిలేసినవాళ్లను తప్పక కలవండి. పాత లెడ్జరులో ఉండి కొత్తదాంట్లో లేని పేర్లే వాళ్లు. వలస వెళ్లారా, వాయిదా కట్టలేక తీసేశారా, పొదుపు వెనక్కి ఇచ్చారా? వాళ్లను కలవకపోతే నిలబడ్డవాళ్ల మాటే మీ వ్యాసమంతా నిండిపోతుంది.

రెండో ప్రశ్న: ఉంటుంది, కరువు. ఒక ఇంట్లో జబ్బు చేస్తే మిగతా తొమ్మిదిళ్ల పొదుపు ఆదుకుంటుంది. వాన పడకపోతే పదిళ్లకూ ఒకేసారి డబ్బు కావాలి, తీసుకునేవాళ్లే తప్ప ఇచ్చేవాళ్లుండరు. సంఘాల మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య కట్టుకోవడానికి ఒక కారణం ఇదే: డబ్బును ఒక ఊరి హద్దు దాటించడం. మండలమంతా ఎండితే అదీ చాలదు, అక్కడ ఉపాధి హామీ పనో పంట బీమానో రావాలి. కాబట్టి తీర్మానాల పుస్తకంలో చెడ్డ ఏడాది పేజీలు విడిగా చూడండి. ఆ నెలల్లో పొదుపు ఆగిందా, అప్పులు ఆగాయా, సమావేశాలే ఆగాయా? పొదుపు ఆగి సమావేశం సాగితే ఆ సంఘం మళ్లీ లేస్తుంది. సమావేశమే ఆగితే చాలా కష్టం.

పేర్లు మార్చితే సరిపోదు. ఊరు, కులం, వృత్తి మూడూ రాస్తే మండలంలో ఎవరైనా గుర్తుపట్టేస్తారు, రెంటిని వదిలేయండి. పాస్‌బుక్కులు ఫోటో తీయకండి, చేత్తో రాసుకోండి. చిన్న అప్పుల జాబితా తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఏది విత్తనాలకు, ఏది పాత బాకీ తిరగేయడానికి అన్నది తేదీలు చూస్తే చాలావరకు చెప్పొచ్చు.