గలోర్: చాలు నుంచి చాలా దాకా

ప్రశ్న: "ఆఫర్స్ గలోర్" (బోలెడు ఆఫర్లు), "ప్రైజెస్ గలోర్" (బోలెడు బహుమతులు) అని ప్రకటనల్లో చూస్తుంటాం. ఇంగ్లిషులో విశేషణం నామవాచకానికి ముందు కదా ఉండాలి, ఇది మాత్రం వెనక ఎందుకుంది? అసలు ఏ భాష మాట?

జవాబు: ఐరిష్ మాటండి. 17వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది. ఐరిష్‌లో రెండు ముక్కలు: గో, లోర్. "లోర్" అంటే చాలినంత. "ఇస్ లోర్ షిన్" అంటే "అది చాలు". ఇక "గో" రెండు పనులు చేస్తుంది. ఊరి పేరు ముందు వస్తే "దాకా" అని అర్థం. విశేషణం ముందు వస్తే మన "గా" ప్రత్యయంలాంటిది: "మా" అంటే మంచి, "గో మా" అంటే బాగా. గో, గా ఒకేలా వినిపిస్తున్నాయని చుట్టరికం కలపకండి, అది ఉత్త కాకతాళీయం.

ఐరిష్‌లో విశేషణం సాధారణంగా నామవాచకం వెనకే వస్తుంది. "ఫార్ మోర్" అంటే వరసలో "మనిషి పెద్ద". అందుకే గలోర్ కూడా వెనక నిలబడింది.

మరో సభ్యుడు: ఒక సవరణ. ఐరిష్‌లో "గో లోర్" ముందూ రావచ్చు, వెనకా రావచ్చు. "చాలామంది జనం" అనడానికి "గో లోర్ దీన్య" అన్నా ఒప్పే, "దీన్య గో లోర్" అన్నా ఒప్పే. ఇంగ్లిషు వీటిలో రెండో వరసను మాత్రమే నిలుపుకుంది. స్కాటిష్ గేలిక్‌లోనూ ఇదే మాట "గు లోర్"గా ఉంది కాబట్టి, ఇంగ్లిషులో అది నిలదొక్కుకోవడంలో ఆ భాష చేయి కూడా ఉండొచ్చు.

ఇంకొకరు: "చాలినంత" అనే మాట "బోలెడంత" ఎలా అయింది?

జవాబు: మన "చాలా"ని చూడండి. అది "చాలు" ధాతువు నుంచే వచ్చింది. "చాల తిన్నాడు" అంటే మొదట సరిపడా తిన్నాడని, తర్వాత ఎక్కువ తిన్నాడని. సరిపోవడం నుంచి సమృద్ధికి జరగడం రెండు భాషల్లోనూ విడివిడిగానే జరిగింది. ఐరిష్‌లో "గో లోర్"కి ఇప్పటికీ రెండర్థాలూ ఉన్నాయి. ఇంగ్లిషులో "సరిపడా" రాలిపోయి "కావలసినంతకన్నా ఎక్కువ" మిగిలింది.

వాడుకలో మనవాళ్లు తప్పే చోట్లు చెప్పాలి. "అవకాశాలు కొల్లలు" అంటాం కదా, ఆ అచ్చులోనే "ఆపర్చునిటీస్ ఆర్ గలోర్" అని రాసేస్తారు. తెలుగులో "కొల్లలు" వాక్యానికి ఆఖ్యాతంగా, అంటే క్రియ ఉండాల్సిన చోట, నిలుస్తుంది, మామూలు ఇంగ్లిషు వాడుకలో గలోర్ అలా నిలవదు. "దేర్ ఆర్ ఆపర్చునిటీస్ గలోర్" అనాలి. "బోలెడు పుస్తకాలు" లెక్కన "గలోర్ బుక్స్" అనడం, "గలోర్ ఆఫ్ బుక్స్" అనడం కూడా తప్పే. రెండోది "ప్లెంటీ ఆఫ్" చూసి పెట్టిన వాత.

మొదట ప్రశ్న అడిగినవారు: ఉచ్చారణ?

జవాబు: "గ" పొట్టిగా, తేలిగ్గా. ఊనిక "లోర్" మీద. ఐరిష్ మాటల్లో ఊనిక సాధారణంగా మొదటి అక్షరం మీదే ఉంటుంది. ఇక్కడ "గో" చిన్న ఉపపదం కాబట్టి దానికి ఊనిక లేదు. మాట ఒకటిగా అతుక్కున్నా పాత అతుకు ఆ ఊనికలో కనిపిస్తూనే ఉంది.

ఒక జాగ్రత్త: ఇది హుషారు మాట. పండగ ప్రకటనకు బాగుంటుంది. సంతాప సందేశంలో, ఆఫీసు నివేదికలో పెడితే వెటకారంలా ఉంటుంది.