వడగళ్ల సైజు ఎలా కొలిచి పంపాలి? రాడార్ ఉండగా మన లెక్క ఎందుకు?

మబ్బుదారి: వడగళ్ల రిపోర్టులు పంపే వాలంటీరుగా కొత్తగా చేరాను. ఫారంలో సైజు మిల్లీమీటర్లలో అడుగుతున్నారు. "గోలీ అంత" అని రాస్తే చాలదా? వడగళ్లు తగిలినచోట సొట్టలు మిగిలేలా ఆరుబయట థర్మాకోల్ ప్యాడ్ పెట్టమంటున్నారు, అది ఎలా తయారుచేయాలి?

చినుకులెక్క: చాలదండీ. గోలీల్లోనే చిన్నవీ పెద్దవీ ఉంటాయి. రాయి పడే వేగం కూడా సైజుతో పెరుగుతుంది కాబట్టి దెబ్బ శక్తి సుమారుగా వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 25 మి.మీ. రాయిని 30 అని రాస్తే శక్తి లెక్క రెట్టింపు అయిపోతుంది.

ఇక రాడార్ సంగతి. 0.5 డిగ్రీల కోణంలో వెళ్లే కిరణం 100 కి.మీ. దూరంలో నేలకి దాదాపు కిలోమీటరున్నర పైన ఉంటుంది. అది చూసే రాళ్లు అక్కడివి. కిందికొచ్చేసరికి ఎంత కరిగాయో నేలమీద ఉన్నవాళ్లే చెప్పాలి.

గాలివాటం: కొలతకి స్కేలు చాలు, కాలిపర్ (రాయిని రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) ఉంటే మరీ మంచిది. రాయి గుండ్రంగా ఉండదు కాబట్టి పొడవైన వైపు ఒకటి, దానికి అడ్డంగా ఒకటి, రెండూ రాయండి. అన్నిటికన్నా పెద్దదాని కొలతతో పాటు ఎక్కువగా పడినవాటి సైజు విడిగా ఇవ్వండి. రెండు మూడు రాళ్లు అతుక్కున్న ముద్దని ఒకే రాయిగా కొలవడం అందరూ చేసే తప్పు. ఫొటోలో స్కేలు రాయి పక్కనే, అదే ఎత్తులో ఉండాలి. వెనక నేలమీద పెడితే రాయి పెద్దదిగా కనిపిస్తుంది.

వెంటనే కొలవలేకపోతే గాలి చొరని జిప్ కవరులో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. కవరు లేకుండా పెడితే మంచు నేరుగా ఆవిరై రాయి చిక్కిపోతుంది. రాళ్లు ఏరడానికి మాత్రం ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాల్సిందే. ఈలోపు కొంత కరుగుతుంది, "ఇన్ని నిమిషాల తర్వాత కొలిచాను" అని రాస్తే సరి.

చినుకులెక్క: ప్యాడ్‌కి 30 సెం.మీ. చదరం, 2.5 సెం.మీ. మందం థర్మాకోల్ ముక్క తీసుకోండి. మందపాటి అల్యూమినియం ఫాయిల్ ముడతల్లేకుండా చుట్టి, అంచులు వెనక టేపుతో అంటించండి. ఫాయిల్ లేకపోతే ఎండకి థర్మాకోల్ పొడిపొడి అవుతుంది. చెట్లూ గోడలూ అడ్డంలేని చోట, సమతలంగా, గాలికి ఎగరకుండా బిగించండి. ఉత్తరం ఎటో మూలన గుర్తు పెడితే, సొట్టలు ఎటు సాగాయో చూసి రాళ్లు ఏ దిక్కునుంచి వచ్చాయో చెప్పొచ్చు. ఒక్కో వానకి ఒక్కో ప్యాడ్, లేదంటే పాత సొట్టల మీద కొత్తవి పడి ఏదీ తేలదు.

మబ్బుదారి: ప్యాడ్ ఉంటే ఇక చేత్తో కొలవక్కర్లేదా?

గాలివాటం: కొలవాలి. ప్యాడ్ టైము చెప్పదు: మొదలైందీ ఆగిందీ గడియారం చూసి మీరే రాయాలి. పైగా దాని వైశాల్యం 0.09 చదరపు మీటర్లే, అతి పెద్ద రాయి పక్కన పడిపోవచ్చు. సొట్ట వెడల్పు కూడా రాయి వ్యాసం కాదు, తెలిసిన సైజు ఉక్కు గుండ్లతో కొట్టి చూసి లెక్క సరిచేస్తారు. అందుకే ప్యాడ్‌ని మీరు కొలిచి పారేయకుండా అలాగే పంపండి.

చినుకులెక్క: ఇంకోటి. ఉరుముల వాన వచ్చి వడగళ్లు పడకపోతే "పడలేదు" అని కూడా పంపండి. మీ దగ్గర్నుంచి ఏమీ రాకపోతే, రాళ్లు పడలేదో మీరు చూడలేదో అవతలివాళ్లకి తెలీదు.