‘డిస్‌ఇంట్రెస్టెడ్’ రాసిన కుర్రాడికి మార్కు వేయాలా, వద్దా?

ద్వారకానగర్ మేడమ్:
బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో ఇంగ్లీషు చెబుతాను. మొన్న మాక్ టెస్టులో ఒక ఖాళీ ఇచ్చాం: ‘ద బాయ్ ఈజ్ డ్యాష్ ఇన్ క్రికెట్’. ఆ కుర్రాడు మ్యాచ్ మొదలవగానే టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోతాడని ముందు వాక్యంలోనే ఉంది. కీలో జవాబు అన్‌ఇంట్రెస్టెడ్. ఒకబ్బాయి డిస్‌ఇంట్రెస్టెడ్ పెట్టాడు, తప్పు కొట్టాను. ఫోన్లో డిక్షనరీ తెరిచి చూపించాడు. ‘ఆసక్తి లేని’ అనే అర్థం కూడా అందులో ఉంది. దాంతో మా స్టాఫ్ రూములో రెండు జట్లయ్యాయి. నేనైతే వేయకూడదనే అంటాను. డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే స్వార్థం లేకపోవడం, అన్‌ఇంట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేకపోవడం. రెండూ ఒకటే అనుకుంటే ఇక మేం చెప్పేదేముంది? మీరేమంటారు?

రుషికొండ కోడర్:
వేసేయండి మేడమ్. మా అమెరికా క్లయింట్లే ‘డిస్‌ఇంట్రెస్టెడ్’ని పట్టించుకోని మనిషి అనే అర్థంలో వాడతారు, మెయిల్స్‌లో కూడా రాస్తారు. ఆ భాష వాళ్లది. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

కోర్టు గుమ్మం:
వేయకండి. క్లయింట్లు ఈమెయిల్లో రాసింది చూసి ఒక మంచి మాటని పారేసుకుంటామా?

మా వృత్తిలో ఇంట్రెస్ట్ అంటే సరదా కాదు, లాభనష్టాల్లో వాటా. ‘ఇంట్రెస్టెడ్ విట్నెస్’ అంటే కేసు ఒకవైపు తేలితే తనకేదో కలిసొచ్చే సాక్షి. 1981లో రాజస్థాన్ ప్రభుత్వానికీ కల్కి అనే నిందితురాలికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ గీత స్పష్టంగా గీసింది. సాక్ష్యం చెప్పింది హతుడి భార్య. ఆవిడ చుట్టమే గానీ అంతమాత్రాన ఇంట్రెస్టెడ్ అయిపోదు, దావా ఫలితం వల్ల లాభం పొందే మనిషినే అలా అనాలి అంది కోర్టు. 2013 కంపెనీల చట్టంలో 184వ సెక్షన్ చూడండి. ఒక కాంట్రాక్టులో డైరెక్టరుకి ఇంట్రెస్ట్ ఉంటే బోర్డుకి చెప్పాలి, మామూలుగా ఆ చర్చలో కూర్చోకూడదు. ఈ లంకె ఏదీ లేనివాడే డిస్‌ఇంట్రెస్టెడ్. అలాంటి జడ్జి కావాలని ప్రతి కక్షిదారూ కోరుకుంటాడు. అన్‌ఇంట్రెస్టెడ్ జడ్జి అంటారా, వాదనలు నడుస్తుంటే గోడ గడియారం వంక చూసేవాడు. ఈ రెండోవాణ్ణి ఎవరూ కోరుకోరు.

రుషికొండ కోడర్:
దానికి ఇంపార్షియల్ అని శుభ్రమైన మాట ఉందిగా లాయర్ గారూ.

కోర్టు గుమ్మం:
ఉంది, కానీ ఆ పని చేయదు. ఒక కంపెనీ షేర్లున్న జడ్జి ఆ కంపెనీ కేసు విని న్యాయంగానే తీర్పు ఇవ్వొచ్చు. అప్పుడాయన ఇంపార్షియల్. డిస్‌ఇంట్రెస్టెడ్ మాత్రం కాదు. ఒకటి ఆయన మనసుకి సంబంధించింది, రెండోది ఆయన నిలబడ్డ చోటుకి సంబంధించింది. మనసు మనకి కనపడదు కాబట్టే చట్టం చోటుని చూస్తుంది.

వాల్తేరు పెద్దాయన:
లాయర్ గారి మాటలో బలం ఉంది. అయితే ‘పాత అర్థం, స్వచ్ఛమైన అర్థం’ అనే దారిలో మాత్రం ఎవరూ వెళ్లకండి. చరిత్ర మీ జట్టుకి సాయం చేయదు. 17వ శతాబ్దంలోనే కవి జాన్ డన్ డిస్‌ఇంట్రెస్టెడ్‌ని ఆసక్తి లేని అనే అర్థంలో వాడాడు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఆ అర్థానికి దొరికిన తొలి ఉదాహరణ అదే. ఇంకా తమాషా ఏమిటంటే, అన్‌ఇంట్రెస్టెడ్ అనే మాట అదే శతాబ్దంలో ‘నిష్పక్షపాతమైన’ అనే అర్థంతో పుట్టింది. తర్వాత రెండూ కుర్చీలు మార్చుకున్నాయి. ఇప్పుడు మేడమ్ కాపాడుతున్న సరిహద్దు 18వ శతాబ్దంలో కుదురుకున్నది. అంతకుముందు లేదు.

పాఠం చెప్పేవాళ్లకి పనికొచ్చేది ఇంకోటుంది. అన్‌ చాలాచోట్ల ఉత్త లేమిని చెబుతుంది, డిస్‌ ఉన్నది చెడిపోవడాన్ని చెబుతుంది. పెళ్లి భోజనానికి వెళ్లారు. మూడో బంతిలో కూరలు అయిపోయి ఆకలి తీరలేదు, అది అన్‌శాటిస్‌ఫైడ్. కడుపు నిండింది గానీ పప్పులో ఉప్పెక్కువై మగపెళ్లివారు మొహం మాడ్చుకున్నారు, అది డిస్‌శాటిస్‌ఫైడ్. తెలుగులో రెంటికీ అసంతృప్తే అంటాం, అందుకే మన పిల్లలకి అక్కడ జారుతుంది. కొత్తగా కట్టి ఇంకా ఎవరూ దిగని ఫ్లాట్ అన్‌యూజ్డ్. ఒకప్పుడు నడిచి మూతబడ్డ మిల్లు డిస్‌యూజ్డ్.

గాజువాక రాణి:
ఆర్గనైజ్డ్ కూడా అంతేనా మాస్టారూ? 2008లో వచ్చిన సామాజిక భద్రత చట్టం పేరులో ‘అన్‌ఆర్గనైజ్డ్ వర్కర్స్’ అని ఉండేది. మా ఆఫీసులో ఒకాయన దాన్ని పద్ధతీపాడూ లేని కూలీలు అన్నట్టు మాట్లాడితే ఒళ్లు మండింది.

వాల్తేరు పెద్దాయన:
అచ్చంగా అంతే తల్లీ. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల తట్టలు మోసేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు చాలామంది అన్‌ఆర్గనైజ్డ్. అంటే వాళ్లకి పీఎఫ్ లేదు, అపాయింట్‌మెంట్ కాగితం లేదు. పని మాత్రం గడియారం తిరిగినట్టు నడుస్తుంది. డిస్‌ఆర్గనైజ్డ్ అనాలంటే మీ ఆఫీసాయన టేబుల్ చూసి అనొచ్చేమో.

మల్కాపురం సేఫ్టీ:
మాస్టారూ, మీ ఉపసర్గల పాఠం బాగుంది గానీ ఒక హెచ్చరిక. రిఫైనరీ వైపు వెళ్లే ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. ఇన్‌ అంటే ‘కాని’ అని స్కూల్లో బట్టీపట్టినవాడు దాన్ని అంటుకోనిది అనుకోవచ్చు. అక్కడ ఇన్‌ లేమిని చెప్పదు, లాటిన్‌లో ‘లోపల మంట పెట్టు’ అనే క్రియలోంచి వచ్చింది. ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండూ ఒకటే. ఈ గందరగోళం వల్లే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంఘం 1920ల్లోనే ఫ్లేమబుల్ అని రాయమంది. మన 1934 పెట్రోలియం చట్టంలో మాత్రం పాత మాటే ఉంది. నేను శిక్షణలో కూర్చోబెట్టే ఒడిశా, బిహార్ కుర్రాళ్లకి ఈ వ్యాకరణమంతా చెప్పలేను. మంట బొమ్మ చూపిస్తాను. అంటుకోనిదైతే ‘నాన్‌-ఫ్లేమబుల్’ అని రాయిస్తాను, అందులో ఎవరికీ అనుమానం రాదు.

రుషికొండ కోడర్:
చూశారా! అనుమానం వచ్చే మాటని ఆయన వదిలేశాడు. డిస్‌ఇంట్రెస్టెడ్‌ని కూడా వదిలేసి ‘వాటా లేని’ అని విడమరిచి రాసుకోండి. సగంమందికి తప్పుగా అర్థమయ్యే మాటతో ఎవరికి లాభం?

కోర్టు గుమ్మం:
ప్రమాదం ఉన్నచోట వదిలేయాలి, ఒప్పుకుంటాను. నేను కూడా పిటిషన్‌లో ‘హ్యావింగ్ నో ఇంట్రెస్ట్ ఇన్ ద ఔట్‌కమ్’ అని పొడుగ్గానే రాస్తాను. కానీ చదివేటప్పుడు? వందేళ్ల నాటి తీర్పులో ఆ మాట వస్తే విసుగెత్తిన జడ్జి అనుకుంటే ఎలా?

సిరిపురం సీఏ:
మాదో కష్టం ఉంది, వినండి. ఆడిట్ రిపోర్టులో ‘అన్‌క్వాలిఫైడ్ ఒపీనియన్’ అంటే లెక్కలు సవ్యంగా ఉన్నాయి, మాకే అభ్యంతరమూ లేదు అని. ‘క్వాలిఫైడ్’ అంటే ఫలానా చోట తేడా ఉంది అని మెలిక పెట్టినట్టు. కొత్త క్లయింట్లు అన్‌క్వాలిఫైడ్ అని చూడగానే టెన్షన్ పడి ఫోన్ చేస్తారు, చదువు లేనివాడెవడో ఆడిట్ చేశాడన్నట్టు. ఇప్పుడు ప్రమాణాల్లో ‘అన్‌మోడిఫైడ్’ అని మార్చారు. మా నోటికి పాత మాటే వస్తుంది.

గాజువాక రాణి:
అసలు ముందు అన్‌, ఇన్‌ అని కనపడగానే చెడు అనుకోవడమే తప్పేమో. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు కదా.

వాల్తేరు పెద్దాయన:
దానికి మనవాళ్లు కంగారుపడాల్సిన పనే లేదు. అమూల్యమైన సలహా అంటే మూల్యం లేని చెత్త సలహా అని ఎవరైనా అనుకుంటారా? వెల కట్టలేనిది అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇన్‌వాల్యుబుల్ అచ్చం అదే. విలువ లేనిదానికి వాల్యూలెస్ ఉంది, వర్త్‌లెస్ ఉంది. పిల్లలకి అమూల్యం అని ఒక్క ముక్క చెప్పండి చాలు.

రుషికొండ కోడర్:
సరే, ఇది కూడా తేల్చండి. పార్టీకి రానంటే నా ఫ్రెండ్స్ నన్ను యాంటీసోషల్ అంటున్నారు. ఈ నగరంలో ఆ మాట పోలీసులు ఎవరిని అంటారో తెలుసు కదా!

కోర్టు గుమ్మం:
పోలీసుల నోట యాంటీసోషల్ అంటే అసాంఘిక శక్తులు, అంటే సమాజానికి కీడు చేసేవాళ్లు. మనుషుల్లో కలవడం అక్కర్లేనివాడు అసోషల్. ఇంగ్లీషువాళ్లు కబుర్లలో నిన్ను కూడా యాంటీసోషల్ అంటారు, తప్పు పట్టరు. వాళ్ల ఊళ్లో సరదాగా అనిపించుకున్న మాట ఇక్కడ స్టేషన్‌కి చేరిందంటే మాత్రం రౌడీషీట్ దాకా పోతుంది. ఇమ్మోరల్, అమోరల్ మధ్య కూడా ఇదే దూరం. తప్పని తెలిసి చేసేవాడు ఇమ్మోరల్. తప్పొప్పుల లెక్కే లేనిది అమోరల్, తుపాను లాగ.

మేడమ్, మీ క్లాసుకి ఇంకోటి. ఐదుగురో అంతకు మించో నేరం చేయాలనే ఉమ్మడి ఉద్దేశంతో గుమిగూడితే చట్టం ‘అన్‌లాఫుల్ అసెంబ్లీ’ అంటుంది. ఇల్లీగల్ అసెంబ్లీ అని ఎవరూ అనరు. అలాగే మైనరుతో ఒప్పందం వాయిడ్, చెల్లదంతే. అది నేరం కాదు. ఒప్పందం చెల్లకపోతే జైల్లో వేస్తారనుకునే కక్షిదారులు నాకు తరచూ తగులుతారు.

ద్వారకానగర్ మేడమ్:
అందరికీ థాంక్స్. ఇలా చేశాను. మార్కు ఇవ్వలేదు. తప్పు జవాబుకి కోసే పావు మార్కు మాత్రం వెనక్కి ఇచ్చాను, డిక్షనరీలో ఉన్నదాన్ని పూర్తి తప్పు అనలేను కాబట్టి. వచ్చే టెస్టులో జడ్జి వాక్యం పెడతాను, అందులో ఒక్క మాటే పడుతుంది. పిల్లలకి చెప్పింది ఇది: అసలు పరీక్షలో పేపరు పెట్టేవాళ్లు ఏ డిక్షనరీ నమ్ముతారో మన చేతిలో లేదు. క్రికెట్ వాక్యంలో అన్‌ఇంట్రెస్టెడ్ పెడితే ఏ కీ అయినా ఒప్పుకుంటుంది.

రుషికొండ కోడర్:
ఇది పరీక్షకి జవాబు మేడమ్. నేనడిగింది భాష గురించి. వాడేవాళ్లంతా మారిపోయాక కూడా పాత గీత ఎందుకు కాపాడాలో ఎవరూ చెప్పలేదు.

కోర్టు గుమ్మం:
చెప్పాను తమ్ముడూ, షేర్లున్న జడ్జి దగ్గర. పైకి వెళ్లి చదువుకో.