ఆసనంలో టీచరు వీపు మీద చేయివేసి నొక్కడం: కొత్తవాళ్లకు మేలా, కీడా?

కొత్తచాప
నాకు 36. కుర్చీ ఉద్యోగం. వంగి షూ లేసు కట్టుకోవాలంటే మూలిగే రకం. ఇంటికి దగ్గర్లోని యోగా సెంటర్‌లో చేరి పది రోజులైంది. అంతకుముందు ఒక్క ఆసనం కూడా వేసి ఎరగను. నాలుగో క్లాసులో పశ్చిమోత్తానాసనం వేయించారు, అదే, కాళ్లు చాచి కూర్చుని ముందుకు వంగేది. నా చేతులు పిక్కల దాకా వెళ్లి ఆగిపోయాయి. టీచరు గారు వెనకనుంచి వచ్చి, "ఊపిరి వదలండి" అంటూ రెండు అరచేతులూ వీపు మీద పెట్టి నొక్కారు. అడగలేదు, చెప్పలేదు. వేళ్లు చీలమండలు అందుకున్నాయి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన సంబరంగానే అనిపించింది.

మర్నాటి నుంచి కుడి పిరుదు కింద, సరిగ్గా కుర్చీకి ఆనేచోట, సూది గుచ్చినట్టు నొప్పి. టీచరుకి చెబితే "మొదట్లో అందరికీ ఉంటుంది, మానకండి" అన్నారు. మా ఆయనేమో మానేసి వీడియోలు చూసి చేసుకోమంటున్నారు. కొత్తవాళ్లను ఇలా నొక్కడం పద్ధతేనా? లేక నేనే సుకుమారం పోతున్నానా?

పాతకాపు
సుకుమారం అని అనను గానీ, తొందరపడి మానకండమ్మా. 14 ఏళ్లుగా చేస్తున్నాను. మన ఒంటి గురించి మనకు తెలుసనుకోవడం పెద్ద భ్రమ. త్రికోణాసనంలో నా భుజం ముందుకు వాలుతోందని రెండేళ్లపాటు నాకు తెలియలేదు. అద్దంలో చూసినా తెలియలేదు. ఒక టీచరు రెండు వేళ్లతో భుజాన్ని వెనక్కి తిప్పారు, అంతే, ఆ రోజుతో సరి. నోటితో వందసార్లు చెప్పినా ఎక్కనిది చేత్తో ఒక్కసారికి ఎక్కుతుంది. చేయి వేయొద్దంటే ఇక క్లాసుకెళ్లడం దేనికి, వీడియోనే చాలు.

కండరాల కబుర్లు
ఫిజియోథెరపీ నా వృత్తి. చూడకుండా నిర్ధారణ చేయను, కానీ కొత్తచాప గారు చెప్పిన "సరిగ్గా కుర్చీకి ఆనేచోట" అన్న మాట దగ్గర ఆగాను.

కొత్త వ్యాయామం తర్వాత వచ్చే నొప్పి సాధారణంగా కండ మధ్యలో, పరుచుకున్నట్టు, తరచు రెండు కాళ్లలోనూ ఉంటుంది. ఒకటి రెండు రోజులు పెరిగి తర్వాత తగ్గుతుంది. మీది ఒక్క వైపు, ఎముక దగ్గర, వేలుపెట్టి చూపించగలిగే చోట. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు మొదలయ్యేది ఆ కూర్చునే ఎముక దగ్గరే. అక్కడ కండరాన్ని ఎముకకు పట్టి ఉంచేది స్నాయువు (టెండన్). దానికి రక్తప్రసరణ తక్కువ, అందుకే దెబ్బ తింటే నెమ్మదిగా మానుతుంది. యోగా చేసేవాళ్లలో ఈ చోటి నొప్పి కొత్తేమీ కాదు.

ఇంకో సంగతి. కండరంలో సాగుదలను కనిపెట్టే నరాల ఏర్పాటు ఒకటి ఉంటుంది. చటుక్కున సాగదీస్తే కండరం తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. అంటే మీరు వంగాలని మీద బరువు వేస్తున్నప్పుడు లోపల కండరం వెనక్కి లాగుతోందన్నమాట. ఆ లాగుడూ తోపుడూ కలిసేది ఆ స్నాయువు దగ్గరే.

ప్రస్తుతానికి కాళ్లు చాచి ముందుకు వంగే ఆసనాలన్నీ ఆపండి. "సాగదీస్తే పోతుంది" అని మాత్రం సాగదీయకండి, ఆ నొప్పి అలా పోదు. నొక్కినప్పుడు లోపల టప్‌మన్నట్టు అనిపించి ఉంటే, కమిలినట్టు మచ్చ వచ్చినా, నడకలో కాలు బలహీనంగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

పాతకాపు
రెండు వేళ్లతో భుజం తిప్పడం వేరు, ఒంటి బరువంతా వీపు మీద వేయడం వేరు. ఆ మాత్రం తేడా ఒప్పుకుంటాను. కానీ పశ్చిమోత్తానాసనం పిక్కల దగ్గర ఆగిపోయే ఆసనం కాదు కదా. 15వ శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగప్రదీపికలోనే ఉంది: కాళ్లు చాచి, చేతులతో కాలివేళ్లు పట్టుకుని, నుదురు మోకాళ్లకు ఆనించాలని. అక్కడిదాకా చేర్చడం టీచరు పని.

చదువరి
ఉంది, నిజమే. కాకపోతే నాలుగో రోజునే చేర్చమని లేదు, ఎవరో వెనకనుంచి తొయ్యమనీ లేదు :)

వాన మబ్బు
యోగసూత్రాల్లో పతంజలి "స్థిరసుఖమాసనమ్" అన్నారు. స్థిరమూ కావాలి, సుఖమూ కావాలి. సూది గుచ్చినట్టుంటే అది ఆసనమే కాదు. అయిపోయింది చర్చ.

చదువరి
అంత తేలిగ్గా అవదండి. ఆ సూత్రం ధ్యానానికి కూర్చునే భంగిమ గురించి చెప్పిందే తప్ప, నేటి క్లాసుల్లోని వంగడాలూ మెలికలూ పతంజలి ముందు లేవు. నిలబడి చేసేవి, వరసగా అల్లుకుపోయేవి ఇప్పుడున్న రూపానికి వచ్చింది ప్రధానంగా 20వ శతాబ్దంలో. మైసూరు ప్యాలెస్‌లో యోగా గురువు కృష్ణమాచార్య నేర్పిన కాలంలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే అయ్యంగార్, పట్టాభి జోయిస్. చేత్తో గట్టిగా సర్దే అలవాటు లోకమంతా పాకడంలో ఈ శిష్యుల పాత్ర చాలా ఉంది. విచిత్రం ఏమిటంటే ఆ అయ్యంగార్ పద్ధతే మరోవైపు బెల్టు, ఇటుక, దుప్పటి, కుర్చీ తెచ్చి "ఒళ్లు ఆసనం దగ్గరికి వెళ్లలేకపోతే ఆసనాన్నే ఒంటి దగ్గరికి తెద్దాం" అన్న దారి చూపింది. కొత్తచాప గారి సెంటర్‌లో ఒక బెల్టు ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

గడప దాటని పిల్ల
ఎవరూ ఎత్తని మాట నేనెత్తుతాను. అడక్కుండా ముట్టుకోవడం. నొప్పి వచ్చిందా లేదా అన్నది తర్వాతి సంగతి. పట్టాభి జోయిస్ పోయాక, సర్దుబాటు పేరుతో ఆయన తమను అసభ్యంగా తాకారని పలువురు శిష్యురాళ్లు బయటికొచ్చి చెప్పారు. 2019లో ఆయన మనవడు శరత్ క్షమాపణ చెప్పారు. అంత పెద్ద గురువు దగ్గరే "ఇదేదో తేడాగా ఉంది" అనడానికి ఏళ్లు పట్టింది. ఇక చేరి నాలుగు రోజులైన మనిషి నోరు విప్పుతుందా?

పాతకాపు
ఒకరు తప్పు చేశారని అందరి చేతులూ కట్టేస్తారా?

గడప దాటని పిల్ల
కట్టెయ్యమనలేదు. అడగమన్నాను. "చేయి వేయనా?" అనడానికి రెండు సెకన్లు చాలు.

నేర్పుతూ నేర్చుకుంటూ
తొమ్మిదేళ్లుగా క్లాసులు చెబుతున్నాను. మొదటి నాలుగేళ్లు నేనూ నొక్కినవాడినే, అందుకే ఆ టీచరు మీద రాయి వేయలేను. నొక్కడం వెనక ఉండేది దురుద్దేశం కాదు, ఆరాటం. కొత్తవాళ్లకు వెంటనే ఏదో ఫలితం కనబడాలి, లేకపోతే రెండో నెల రారు. పైగా అడిగేది కూడా వాళ్లే. "ఇవాళ నన్ను నొక్కలేదేం మాస్టారూ" అని అలిగినవాళ్లున్నారు నాకు.

మానేసింది ఎందుకంటే, నొక్కితే నొప్పి వచ్చిందని ఒకావిడ నాకు మూడు నెలల తర్వాత చెప్పారు. అప్పుడే చెప్పలేదేమని అడిగితే, "అది మంచి నొప్పో చెడ్డ నొప్పో నాకేం తెలుసండీ" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పాతకాపు గారి ఒళ్లు ఆయనతో మాట్లాడుతుంది, 14 ఏళ్ల పరిచయం. కొత్తవాళ్లకు ఆ భాష ఇంకా రాదు. సాగుతున్నదేదో చిరుగుతున్నదేదో వాళ్లకు తెలియదు, వెనక నిలబడ్డ నాకు అసలే తెలియదు.

పశ్చిమోత్తానాసనంలో ఇంకో చిక్కుంది. తొడ వెనక బిగువుగా ఉన్నవాళ్లకు కటి ముందుకు దొర్లదు, వెనక్కే వాలి ఉంటుంది. అప్పుడు వీపు మీద బరువు వేస్తే వంగేది నడుమే. తల కిందికి పోయింది కాబట్టి ఆసనం బాగుపడినట్టు కనిపిస్తుంది. నిజానికి తొడలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి, భారమంతా నడుము మోస్తుంది. అందుకే ఇప్పుడు కొత్తవాళ్లను మడతపెట్టిన దుప్పటి అంచున కూర్చోబెడతాను, మోకాళ్లు ఎంత కావాలంటే అంత వంచుకోమంటాను, అరికాళ్ల చుట్టూ బెల్టు వేసి పట్టుకోమంటాను. పొట్ట తొడలకు తగలాలి, తల ఎక్కడుంటే నాకేం?

చేయి వేయడం పూర్తిగా మానలేదు. క్లాసు మొదట్లో అందరూ కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు, చేయి వేయడం ఇష్టం లేనివాళ్లు చేయెత్తమంటాను. ఒకరినొకరు చూసుకోరు కాబట్టి మొహమాటం ఉండదు. మిగతావాళ్లకైనా దారి చూపడానికే, బరువు వేయడానికి కాదు.

వీడియోల మాట. అవి చెడ్డవని కాదు, కానీ వీడియోకి మీరు కనబడరు. మీకు రక్తపోటు ఉందా, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉందా, డిస్కు జారిందా, గర్భిణా అని అడగదు. ఆ ప్రశ్నలు అడగని టీచరైతే వీడియోకీ ఆయనకీ తేడా లేదనుకోండి. ముందు ఇంకోసారి మాట్లాడి చూడండి. కొత్తవాళ్లకు వేరే బ్యాచ్ ఉందేమో కనుక్కోండి. పాతవాళ్ల మధ్య కూర్చుంటే ఎవరూ నొక్కకపోయినా పక్కవాళ్లను చూసి మనల్ని మనమే నొక్కుకుంటాం.

పాతకాపు
చివరి మాట నిజం. నా మోకాలు పోయింది అలాగే, పద్మాసనంలో. ఎవరూ తొయ్యలేదు. పక్కన పాతికేళ్ల కుర్రాడు వేశాడని వేశాను.

వాన మబ్బు
14 ఏళ్ల అనుభవంలో ఈ సంగతి ఇప్పుడా చెప్పడం!

పాతకాపు
ఎవరడిగారు?

కొత్తచాప
అందరికీ థాంక్స్. టప్‌మనలేదు, మచ్చ లేదు, నడక బాగానే ఉంది. అయినా డాక్టరు దగ్గరికి వెళ్లాను. వంగేవి కొన్ని వారాలు ఆపమన్నారు, మిగతావి చేసుకోవచ్చన్నారు. నిన్న క్లాసుకు పది నిమిషాలు ముందే వెళ్లి టీచరుగారితో చెప్పాను, ఎలా అంటారో అని గుండె దడదడలాడింది కూడా. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికెళ్లి ఒక దుప్పటి తెచ్చి నా చాప మీద పెట్టారు. అందరూ కాళ్లు చాచి వంగుతుంటే నేను దాని మీద నిటారుగా కూర్చున్నాను. వేరే బ్యాచ్ లేదట.

పక్కావిడను మాత్రం మామూలుగానే నొక్కారు. బయటికొచ్చాక అడిగాను, నొప్పిగా లేదా అని. "అబ్బే, హాయిగా ఉంటుంది" అన్నారావిడ. ఆవిడ చేరి ఎన్నాళ్లయిందో అడగడం మర్చిపోయాను.