లెట్రోజోల్ క్యాన్సర్ మందట, వేసుకోవాలా మానేయాలా?

చీపురుపల్లి_కోడలు:
అందరికీ నమస్తే. నాకు 27 ఏళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు దాటింది. డిగ్రీలో ఉండగానే పీసీఓఎస్ (అండం నెలనెలా సరిగ్గా విడుదల కాని హార్మోన్ల సమస్య) అని తేలింది. పీరియడ్ 45 రోజులకో 70 రోజులకో వస్తుంది. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 68 కిలోలు. పోయిన నెల పిల్లల కోసం విజయనగరంలో డాక్టరమ్మకి చూపించుకున్నాను. థైరాయిడ్ బాగానే ఉంది, షుగర్ బోర్డర్‌లో ఉంది అన్నారు. మెట్‌ఫార్మిన్, ఫోలిక్ యాసిడ్ రాశారు. పీరియడ్ వచ్చిన రెండో రోజు నుంచి ఐదు రోజులు లెట్రోజోల్ 2.5 ఎంజీ వేసుకొని, పన్నెండో రోజు స్కాన్‌కి రమ్మన్నారు.

మందుల షాపులో చీటీ ఇస్తే ఆయన "రొమ్ము క్యాన్సర్ ఎవరికమ్మా?" అని గట్టిగా అడిగేశాడు. షాపు నిండా మా ఊరివాళ్ళే. టాబ్లెట్లు తీసుకొని తల దించుకొని వచ్చేశాను. ఫోన్లో చూస్తే నిజంగానే క్యాన్సర్ మందు అని ఉంది. మన దేశంలో ఒకప్పుడు నిషేధించారని కూడా ఉంది. పుట్టే బిడ్డకేమైనా అయితే?

నిన్న పీరియడ్ వచ్చింది. అంటే ఈరోజే రెండో రోజు. స్ట్రిప్ బీరువాలో చీరల కింద ఉంది. మొన్న సిరిమానోత్సవానికి చుట్టాలంతా వచ్చినప్పుడు మా పెద్దత్త అందరిముందూ "ఏటమ్మా, ఇంకా ఏటీ లేదా?" అంది. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వేసుకోవాలని ఉంది, భయంగానూ ఉంది. వాడినవాళ్ళు చెప్పండి.

పలాస_అమ్మ:
నేను వాడాను చెల్లీ. మొదటి రెండు నెలలు రాలేదు, మూడో నెలలో నిలిచింది. పాపకిప్పుడు రెండేళ్ళు, బాగుంది. వేసుకున్న రోజుల్లో కాస్త తలనొప్పి, ఒళ్ళు వేడెక్కినట్టు ఉండేది, అంతే.

బొబ్బిలి_వీణ:
స్టాఫ్ నర్సుని, పదకొండేళ్ళుగా ప్రసూతి వార్డులో చేస్తున్నాను. ఆ షాపతను అలా అరవకుండా ఉండాల్సింది, నీ బాధ నాకు అర్థమైంది. కానీ మందు మానేయకు.

అది క్యాన్సర్‌కి వాడే మాట నిజమే. ఆ మందు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ని తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళు రోజూ ఏళ్ళ తరబడి వేసుకుంటారు. నువ్వు వేసుకునేది ఐదు రోజులే. ఆ ఐదు రోజులు ఈస్ట్రోజెన్ తగ్గేసరికి, అండం పెరగడానికి కావాల్సిన హార్మోన్‌ని మెదడు ఎక్కువగా పంపుతుంది. దాంతో అండం ఎదుగుతుంది. బిడ్డ నిలిచే సమయానికి మందు ఒంట్లోంచి దాదాపు పోయి ఉంటుంది. 2011లో పిల్లల కోసం వాడొద్దని మన ప్రభుత్వం ఆపిన మాటా నిజమే. 2017లో మళ్ళీ అనుమతించింది. నువ్వు చూసింది పాత వార్త అయ్యుంటుంది. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద చేసిన పరిశోధనలో, లెట్రోజోల్ వాడినవాళ్ళలో వందకి 27 మందికి పైగా బిడ్డలు పుట్టారు, పాత మందు క్లోమిఫెన్‌తో 19 మందికి. ఇప్పుడు పీసీఓఎస్ ఉండి పిల్లలు కావాలనుకునేవాళ్ళకి డాక్టర్లు ముందుగా రాసేది ఇదే.

ఈ పూట కుదరకపోయినా కంగారు పడకు, మూడో రోజునో ఐదో రోజునో మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడుగు. పీరియడ్ ఎప్పటిలా కాకుండా మచ్చలా కనిపించి ఆగిపోయి ఉంటే మాత్రం, ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకున్నాకే మందు. స్కాన్ మానొద్దు. అండం పెరిగిందో లేదో, డోసు పెంచాలో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది. అండం ఎప్పుడు విడుదలవుతుందో ఇంట్లో మూత్రంతో చూసుకునే ఓవ్యులేషన్ కిట్లని నమ్ముకోకు. పీసీఓఎస్‌లో ఆ కిట్లు పట్టుకునే హార్మోన్ (ఎల్‌హెచ్) ముందే ఎక్కువగా ఉండి రెండు గీతలు ఊరికే వచ్చేస్తాయి.

రాజాం_అక్క:
మీ ఆయనకి టెస్ట్ చేయించారా? ఆ మాట నువ్వు రాయలేదు. మాకు ఏడాదిన్నర మందులన్నీ నాకే ఇచ్చారు. తర్వాత చూస్తే ఆయనకీ వీర్యకణాల కౌంట్ తక్కువ. ఆ ఏడాదిన్నర తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. బరువు సంగతికొస్తే, మూడు నాలుగు కిలోలు తగ్గినా పీరియడ్స్ దారిలో పడొచ్చు. నేను రాత్రి అన్నం తగ్గించి, పొద్దున్న చోడి అంబలి, సాయంత్రం చెరువుగట్టు మీద నడక పెట్టుకున్నాను. ఆకలితో మాడకు తల్లీ.

చీపురుపల్లి_కోడలు:
రాత్రి భోజనం అయ్యాక మొదటి టాబ్లెట్ వేసుకున్నాను. పీరియడ్ మామూలుగానే అవుతోంది. ఆయనకి టెస్ట్ చేయించలేదు అక్కా, ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఈ రోజు మీ మాటలన్నీ ఆయనకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "స్కాన్ రోజే నేనూ వస్తాను" అన్నారు. శాంపిల్ ఇంట్లోనే తీసి పట్టుకెళ్ళొచ్చా? అక్కడ ఇవ్వాలంటే సిగ్గు పడుతున్నారు. ఇంటి నుంచి స్టేషన్, రైలు, ఆటో అన్నీ కలిపితే గంటన్నర పడుతుంది.

బొబ్బిలి_వీణ:
గంటన్నర ఎక్కువమ్మా. శాంపిల్ గంటలోపే ల్యాబ్‌కి చేరాలి. అక్కడే విడిగా గది ఇస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. దానికి ముందు రెండు రోజులకి తగ్గకుండా, ఏడు రోజులకి మించకుండా దూరంగా ఉండాలని ఆయనకి చెప్పు.