కోనసీమ డాబాకి కూల్ రూఫ్ పెయింటా, తెల్ల టైలు ముక్కలా?

అమలాపురం దగ్గర డాబా ఇల్లు, 900 చదరపు అడుగుల స్లాబు. మేలో రాత్రి పదింటికి కూడా సీలింగుకి చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతోంది. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రికి గదిలోకి వదులుతుంది, ఏసీ కంప్రెసర్ ఆగట్లేదు.

టీవీలో ఇళ్లు బాగుచేసే షోలు చూసి గ్లాస్ ఊల్ (వేడిని ఆపే గాజు దూది) వెయ్యమని చెప్పకండి. అది అటక ఉన్న చలిదేశపు ఇళ్లకి. మన తేమలో తడిసిందంటే దండగే.

ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింటుతో నా భయం పాచి. ఉత్తరం వైపు కొబ్బరి మట్టల నీడ ఉంది, వానాకాలం వెళ్లేసరికి అక్కడ నల్లబడుతుంది. నల్లబడ్డాక ఎండని తిప్పికొట్టేదేముంది? పైగా స్లాబులో చెమ్మ ఉంటే పొర బుడగలొచ్చి ఊడుతుంది. అందుకే ముందు రెండడుగుల పాలిథిన్ ముక్కని నాలుగు పక్కలా టేపుతో అంటించి, ఒక రోజు ఉంచి, అడుగున నీటి చుక్కలు లేకపోతేనే పెయింటు అనుకుంటున్నాను.

టైలు ముక్కలు మన్నుతాయి. కానీ వాటిని అతికించే రెండంగుళాల సిమెంటు పరుపు అంటే చదరపు అడుగుకి సుమారు 10 కిలోలు, మొత్తం 9 టన్నులు. కింద చూస్తే నల్లరేగడి, పాత పునాది, అంత బరువు ఆగుతుందా అని అనుమానం.

తీరం దగ్గర పెయింటు వేయించినవాళ్లు చెప్పండి: ఎన్నేళ్లు తెల్లగా ఉంది? పాచికి బ్లీచింగ్ కడిగితే పొర దెబ్బతింటుందా? 50 ఎంఎం ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీట్లు పరిచి పైన పలచగా కాంక్రీటు వేసినవాళ్లు ఉంటే, పిట్టగోడ మూలల్లో నీరు దిగకుండా ఏం చేశారు?